కాలేజీ వాళ్ళు మీ బడికి వస్తామంటే ఎవరికి సరే అనాలి?

నేను హెచ్‌ఎంగా చేరిన మొదటి ఏడాది జూలైలో, పది రోజుల తేడాతో మా హైస్కూలుకు మూడు ఉత్తరాలు వచ్చాయి. ఒక బీఈడీ కాలేజీ తన ట్రైనీలను పదహారు వారాలు పంపుతానంది. ఒక ఇంజినీరింగ్ కాలేజీ మా ఊరిని దత్తత తీసుకుంటానంది. పక్క పట్నంలోని డిగ్రీ కాలేజీ మా ఊళ్ళో ఏడు రోజులు ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) క్యాంపు పెడతానంది. చదువుకున్నవాళ్ళు మన బడికి వస్తామంటే కాదనడం ఎందుకని మూడింటికీ సరే అన్నాను.

ఏడాదంతా బడి సందడిగానే ఉంది. మార్చిలో కూర్చుని లెక్క చూసుకుంటే, మూడింటిలో ఒకటి మాత్రమే టీచర్లకూ పిల్లలకూ నిజంగా పనికొచ్చింది. ఇంకోటి సగం పనికొచ్చింది. దత్తతకు గుర్తుగా ఊరి మొదట్లో ఒక బోర్డు మిగిలింది. వాళ్ళను తప్పుపట్టే ముందు నన్ను నేను అడగాల్సిన మాట ఒకటుంది: మా బడికి ఏం కావాలో నేను వాళ్ళకు చెప్పానా? చెప్పలేదు. ఆ తర్వాతి ఏళ్ళలో నేర్చుకున్నది మిగతా హెచ్‌ఎంలకు, పేరెంట్స్ కమిటీ వాళ్ళకు, ఊరి కోసం ఏదైనా చేద్దామనుకునే కుర్రాళ్ళకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి. కాలేజీలకు కూడా మన అవసరం ఉంది. బీఈడీ పట్టా రావాలంటే ట్రైనీ బడిలో ఇంటర్న్‌షిప్ చేసి తీరాలి. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు క్రెడిట్లు ఉన్నాయి. కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ వాళ్ళు గుర్తింపు ఇచ్చేటప్పుడు, సమాజంలోకి వెళ్ళి ఏం చేశారో కూడా చూస్తారు. అంటే ఇది దానం పుచ్చుకునే వ్యవహారం కాదు. రెండు వైపులా అవసరం ఉన్నప్పుడు మన షరతులు మనం చెప్పుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

ఎవరు వస్తామన్నా నేనిప్పుడు రెండే ప్రశ్నలు వేసుకుంటాను. ఎన్ని వారాలు ఉంటారు? వాళ్ళు వెళ్ళిపోయాక మా టీచర్ చేతిలో ఏం మిగులుతుంది? ఈ రెండింటితో ఒక్కొక్కటీ చూద్దాం.

బీఈడీ ట్రైనీలు: హైస్కూలుకు పనికొచ్చే దారి

మేం బీఈడీ చదివిన రోజుల్లో అది ఏడాది కోర్సు. టీచింగ్ ప్రాక్టీస్ అంటే లెసన్ ప్లాన్లు రాసుకుని, చార్టులు పట్టుకుని వచ్చి, లెక్క ప్రకారం పాఠాలు చెప్పేసి పోవడమే. పిల్లల పేర్లు నోటికొచ్చేలోపే అయిపోయేది. టీచర్ల శిక్షణ కోర్సులను నియంత్రించే ఎన్‌సీటీఈ 2014లో తెచ్చిన నిబంధనలతో, 2015 నుంచి బీఈడీ రెండేళ్ళయింది. బడిలో గడపాల్సిన కాలం మొత్తం 20 వారాలు: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. పదహారు వారాలంటే దాదాపు నాలుగు నెలలు. ఒక టీచరు ఒక తరగతిని అర్థం చేసుకోవడానికి ఆ కాలం సరిపోతుంది.

ఆ మొదటి ఏడాది వచ్చిన ట్రైనీల్లో ఒక అమ్మాయి ఏడో తరగతికి భిన్నాలు చెప్పింది. మా లెక్కల మాస్టారు వెనక బెంచీలో కూర్చుని అబ్జర్వేషన్ రాస్తున్నారు. నేనూ గుమ్మం దగ్గర నిలబడ్డాను. "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అని అడిగింది. ఎక్కువ చేతులు నాలుగో వంతుకే లేచాయి. "మూడు కంటే నాలుగు పెద్దది కదా టీచర్!" అన్నాడొకడు గట్టిగా. ఆ అమ్మాయి తప్పు అనలేదు. పాత పేపరు తీసి ఒకే పొడవున్న రెండు పట్టీలు చింపింది. ఒకదాన్ని మూడు మడతలు, రెండోదాన్ని నాలుగు మడతలు పెట్టించింది. ఎప్పుడూ నోరెత్తని ఒక పిల్లవాడు ముందుకొచ్చి, ఒక్కో మడత చింపి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. కాసేపు ఆగి, "ఎక్కువ మందికి పంచితే ఒక్కొక్కళ్ళకీ తక్కువొస్తది టీచర్" అన్నాడు. 

ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు చెబుతున్న మా మాస్టారు ఆ సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో ఆ పట్టీలు అడిగి తీసుకున్నారు. మరుసటి ఏడాది ఆరో తరగతిలో తానే చేయించారు. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది, ఆ పాఠం మా బడిలో ఉండిపోయింది. నా రెండో ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు ఇంతవరకు దొరకలేదు.

అయితే ఇది దానంతట అదే జరగదు. ట్రైనీ పాఠం చెప్పేటప్పుడు మన టీచరు క్లాసులోనే ఉండాలి. చాలా బడుల్లో ట్రైనీలు రాగానే రెగ్యులర్ టీచర్లకు ఆన్‌లైన్ ఎంట్రీలు, సర్వేలు అప్పగించేస్తారు. ఖాళీగా ఉన్న పోస్టులోకి ట్రైనీని నెట్టేస్తారు. పోస్టు ఖాళీగా ఉంటే పైవాళ్ళకు రాయాలి కానీ, ఇంకా నేర్చుకుంటున్న పిల్లకు పదో తరగతి ఫిజిక్స్ మొత్తం అప్పజెప్పడం అటు ఆమెకూ ఇటు పదో తరగతి పిల్లలకూ అన్యాయం. ఆ పొరపాటు నేనూ ఒకసారి చేశాను. ప్రీ-ఫైనల్ మార్కులు చూశాక తెలిసొచ్చింది.

ఎంత మందిని తీసుకోవాలన్నది ఇంకో చిక్కు. పది సెక్షన్లున్న బడికి పద్దెనిమిది మందిని పంపితే, వాళ్ళు చెప్పే పీరియడ్ల కంటే వరండాలో నిలబడే పీరియడ్లే ఎక్కువవుతాయి. రెండు సెక్షన్లకు ఒకరు చొప్పున సరిపోతారని నా అనుభవం. ఏ సబ్జెక్టు వాళ్ళు కావాలో మనమే చెప్పాలి. కాలేజీ నుంచి సూపర్‌వైజర్ నెలలో ఎన్నిసార్లు వచ్చి క్లాసులో కూర్చుంటారో ముందే రాయించుకోవాలి. సూపర్‌వైజర్ ఒక్కసారి కూడా రాని కాలేజీని రెండో ఏడాది ఒప్పుకోకండి. అసలు ట్రైనీలే రాకుండా రికార్డు మీద సంతకం పెట్టమని అడిగేవాళ్ళు కూడా ఉంటారు. ఎంత పరిచయస్థులైనా సరే, ఆ సంతకం పెట్టకండి. రేపు ఆ పట్టాతో టీచరయ్యే మనిషి ముందు కూర్చునేది మన ఊరి పిల్లలాంటి పిల్లలే.

ప్రాథమిక పాఠశాల వాళ్ళు బీఈడీ కాలేజీ వైపు కాకుండా డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) వైపు చూడాలి. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొకటి చొప్పున వచ్చిన ఈ డైట్‌ల పని చిన్న తరగతుల టీచర్లను తయారు చేయడమే. అక్కడ డీఎల్‌ఎడ్ (ప్రాథమిక టీచరు కోర్సు) చదివే ట్రైనీకి అక్షరాలు నేర్పే పద్ధతి తెలుసు. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు నెట్టుకొచ్చే బడిలో, మూడో తరగతికొచ్చినా గుణింతం రాని పిల్లల పక్కన రోజూ గంట కూర్చునే మనిషి దొరకడం చిన్న విషయం కాదు. చదవడం, రాయడం, లెక్కలు పునాది నుంచి నేర్పడానికి తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు లాంటి కార్యక్రమాల్లో స్థాయిల వారీగా పిల్లల్ని కూర్చోబెట్టాలంటే అదనంగా ఇంకో మనిషి ఉండటమే పెద్ద బలం.

ప్రొఫెసరే బడికి వస్తే: హోషంగాబాద్ చూపిన దారి

దీని గురించి మన దగ్గర చాలామంది టీచర్లకు తెలియదు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో (ఇప్పుడు నర్మదాపురం) 16 మాధ్యమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు దాన్ని మొదలుపెట్టాయి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు సైన్సును పిల్లలు తమ చేతులతో ప్రయోగాలు చేసి నేర్చుకోవాలన్నది వాళ్ళ పట్టుదల. ఢిల్లీ యూనివర్సిటీ సైన్సు అధ్యాపకులు వాళ్ళతో కలిశారు. పల్లెటూరి బడుల టీచర్లతో కలిసి కూర్చుని, ముందు ఆ ప్రయోగాలను టీచర్ల చేతనే చేయించారు. శిక్షణతో చేతులు దులుపుకోలేదు. నెలకోసారి టీచర్లు ఒకచోట కలిసి ఏ ప్రయోగం ఎక్కడ కుదరలేదో చెప్పుకునేవాళ్ళు. ఆ మాటల్ని బట్టి పాఠాలు మారేవి. క్లాసులకు వెళ్ళి చూసేవాళ్ళు. చివరికి పరీక్ష కూడా మార్చారు: పుస్తకం తెరిచి రాయొచ్చు, ప్రయోగం చేసి చూపించాలి. బట్టీ పట్టేవాడికి ఆ పరీక్షలో పని లేదు.

1978కి అది జిల్లా అంతటా వ్యాపించింది. 1982లో ఈ పనిని నడపడానికి ఏకలవ్య అనే సంస్థ పుట్టింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్ళు నడిచిన పని ఒక ఉత్తర్వుతో ఆగిపోవడం తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందులోంచి నేను తీసుకున్నవి రెండు. యూనివర్సిటీ మనిషి టీచరును తనతో సమానంగా చూసిన చోటే పని నిలుస్తుంది. అలాగే, ప్రభుత్వం వైపు నుంచి కాగితం గట్టిగా లేకపోతే ఎంత మంచి పనికైనా ముప్పు తప్పదు.

మనం హోషంగాబాద్ అంతటిది చేయలేం. కానీ దాని చిన్న రూపం మండలంలో ఎవరైనా చేయొచ్చు. మాకు దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఒక బోటనీ లెక్చరర్ ఉన్నారు. నెలకు ఒక శనివారం మధ్యాహ్నం వస్తారా అని అడిగితే వచ్చారు. మా బడిలో అప్పటికి రెండు మైక్రోస్కోపులు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. స్టాక్ రిజిస్టర్లో రాసి ఉన్నాయి కాబట్టి పగిలితే ఎవరి మీద పడుతుందోనని బయటికి తీసినవాళ్ళు లేరు. ఆ లెక్చరర్ మా బయాలజీ టీచరును పక్కన కూర్చోబెట్టుకుని, ఉల్లిపాయ లోపలి పొరను బ్లేడుతో ఒలిచి, ఒక చుక్క సఫ్రనిన్ (ఎర్ర రంగు) వేసి, గాజుపలక మీద బుడగలు రాకుండా కవర్‌స్లిప్ ఎలా వాల్చాలో నాలుగైదుసార్లు చేయించారు. మొదటి మూడుసార్లు బుడగలొచ్చాయి. నాలుగోసారి గోడలు కట్టినట్టు కణాలు కనిపించాయి. మా టీచర్ కళ్ళు కటకం మీద నుంచి తీయలేదు. ఎమ్మెస్సీ చేసిన మనిషి, "పిల్లలకు ఇది చూపించక ఎన్నేళ్ళయిందో సార్" అంది మెల్లగా. సోమవారం నుంచి ఆ మైక్రోస్కోపులు మళ్ళీ అట్టపెట్టెల్లోకి వెళ్ళలేదు.

ఖర్చు? లెక్చరర్ గారి బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ జరుగుతుంటాయి, వాటిలో ఒక గంట దీనికి కేటాయించుకోవచ్చు. ఒక మాస్టారికి కాకుండా కాంప్లెక్స్‌లోని సైన్సు టీచర్లందరికీ అందుతుంది. వారాల లెక్కలో ఇది తక్కువే అనిపిస్తుంది, ఏడాదికి ఎనిమిది తొమ్మిది మధ్యాహ్నాలు. కానీ ఆ మనిషి మళ్ళీ నెల వస్తారు. పోయిన నెల చెప్పింది ఏమైందని అడుగుతారు. ఆ అడగడంలోనే బలమంతా ఉంది.

ఇంగ్లీషు టీచర్లు సొంతంగా ఎదగాలనుకుంటే హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా పుట్టిందే టీచర్ల శిక్షణ కోసం. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ 1963 నుంచి దక్షిణాది రాష్ట్రాల టీచర్లకు శిక్షణలిస్తోంది, మన రెండు రాష్ట్రాలూ దాని పరిధిలోవే. ఇవి టీచరుకు మంచివి. బడికి మేలు జరగాలంటే మాత్రం, వెళ్ళొచ్చిన టీచరు నేర్చుకున్నది మిగతావాళ్ళకు చెప్పడానికి ఒక సాయంత్రం మీరు కేటాయించాలి.

పెద్ద ప్రాజెక్టులు: వచ్చిందా, వదలొద్దు, రాలేదా, ఎదురుచూడొద్దు

టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్), అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్ట్స్ కలిసి 2015లో సీఎల్‌ఐఎక్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. తెలంగాణతో పాటు ఛత్తీస్‌గఢ్, మిజోరం, రాజస్థాన్ హైస్కూళ్ళలో కంప్యూటర్ ల్యాబు ద్వారా లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు నేర్పే పాఠాలు తయారు చేశాయి. తెలుగులో కూడా వచ్చాయి. టీచర్లకు విడిగా కోర్సులు పెట్టారు. 2017 సంవత్సరానికి యునెస్కో బహుమతి కూడా దీనికి దక్కింది.

ఇలాంటి వాటిలో పాఠం నాణ్యత మామూలు కాలేజీలు ఇవ్వగలిగిన దానికంటే చాలా ఎక్కువ. ఏళ్ళ తరబడి ఆలోచించి తయారు చేస్తారు. కానీ ఒక హెచ్‌ఎం కావాలనుకుంటే వచ్చేది కాదు. ఒప్పందం రాష్ట్ర స్థాయిలో జరుగుతుంది, బడుల జాబితా పైనుంచి వస్తుంది. ల్యాబులో పనిచేసే కంప్యూటర్లుండాలి, కరెంటుండాలి. ప్రాజెక్టుకు గడువుంటుంది, అది అయ్యాక వాళ్ళు వెళ్ళిపోతారు. మీ బడి జాబితాలో ఉంటే మొదటి రోజే అడగండి: పాఠాలు ఇంటర్నెట్ లేకుండా మా కంప్యూటర్లలో ఉంటాయా, మా టీచర్‌కు కోర్సు సర్టిఫికెట్ వస్తుందా, పిల్లల మీద మీరు సేకరించే సమాచారం మాకూ ఇస్తారా? మీ బడి జాబితాలో లేకపోతే దాని కోసం ఏళ్ళు చూడకుండా పక్కనున్న డిగ్రీ కాలేజీకి ఫోన్ చేయండి.

ఎన్‌ఎస్‌ఎస్: ఏడు రోజులు వద్దు, నూట ఇరవై గంటలు అడగండి

గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. అందరికీ తెలిసింది ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. చాలామంది పట్టించుకోనిది రెగ్యులర్ కార్యక్రమం: ఒక్కో వాలంటీరు రెండేళ్ళలో 240 గంటలు, అంటే ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి.

క్యాంపు మంచిదే. ఆవరణ బాగుపడుతుంది, లైబ్రరీ పుస్తకాలు సర్దుతారు, రాత్రి పూట ఊళ్ళో పాటలు, నాటికలు వేస్తారు. మా ఊరి పిల్లలు డిగ్రీ అన్నయ్యల వెంట తిరిగిన ఆ వారం నాకు ఇప్పటికీ గుర్తుంది. అయితే ఏడు రోజుల్లో చదువు మారదు. పైగా నాడు-నేడులో రంగులేసిన గోడకు మళ్ళీ రంగులేయించడం వల్ల మనకు ఒరిగేదేమీ లేదు.

నేనైతే ప్రోగ్రాం ఆఫీసర్‌ను ఇలా అడుగుతాను: నడిచి రాగలిగినంత దగ్గర్లో ఉన్న మీ వాలంటీర్లు ఐదుగురిని, శనివారం శనివారం రెండు గంటలు పంపండి. పని కూడా నేనే చెబుతాను: ఎనిమిదో తరగతి పిల్లల్ని ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్షకు తయారు చేయాలి. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు వచ్చి (ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 5 శాతం సడలింపు), తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని పిల్లలు దీన్ని రాయొచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏడాదికి 12,000 రూపాయలు, నాలుగేళ్ళకు 48,000. ఆడపిల్లను పదితో ఆపేద్దామా అని ఆలోచించే ఇంట్లో ఆ డబ్బు మాటను మారుస్తుంది. పరీక్షలో మెంటల్ ఎబిలిటీ పేపరు ఉంటుంది. అలాంటి ప్రశ్నలు మన పాఠ్యపుస్తకంలో కనబడవు. బ్యాంకు పరీక్షలకు చదువుకునే డిగ్రీ పిల్లలకు మాత్రం అవి కొట్టిన పిండి. వాళ్ళకు తెలిసిన విద్య మన పిల్లలకు సరిగ్గా అక్కరకొచ్చే చోటు ఇదే.

డిగ్రీ పిల్లల కమ్యూనిటీ ప్రాజెక్టు: బడి మానేసిన వాళ్ళ కోసం

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి డిగ్రీ మొదటి ఏడాది పూర్తయిన పిల్లలకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టింది. ఊళ్ళో సర్వే చేయాలి, అవగాహన కార్యక్రమాలు చేయాలి, రిపోర్టు రాయాలి. తెలంగాణలో ఇది ఇలా తప్పనిసరిగా లేదు కాబట్టి, అక్కడివాళ్ళు ఎన్‌ఎస్‌ఎస్ ద్వారానే ఈ పని చేయించుకోవాలి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని అక్కలను కలుపుకుంటే ఇంకా తేలిక.

ఇది ఎక్కువగా వేసవి సెలవుల్లో వస్తుంది. బడి మూసి ఉంటుంది. అందుకని హెచ్‌ఎంలు దీన్ని పట్టించుకోరు. నేను పట్టించుకోమంటాను, బడిలోని పిల్లల కోసం కాదు, బడి దాటిపోయిన వాళ్ళ కోసం. 

ఒక వేసవి మా ఊరి అమ్మాయే, బీకాం చదువుతున్న పిల్ల, ప్రాజెక్టు ఫారం పట్టుకుని సంతకానికి వచ్చింది. మామూలుగా అయితే మరుగుదొడ్ల మీదో ప్లాస్టిక్ మీదో సర్వే చేసుకుని పోయేది. నేను పాత అడ్మిషన్ రిజిస్టర్లు తీసి, గడిచిన మూడేళ్ళలో పదో తరగతి తప్పి మళ్ళీ రాయనివాళ్ళ పేర్లు రాసుకోమన్నాను. ఇంటింటికీ వెళ్ళింది. ఒకడు పట్నంలో టైల్స్ పనికి పోతున్నాడు. ఒక అమ్మాయికి పెళ్ళయిపోయింది. ఇంకో అమ్మాయి ఇంట్లోనే ఉంది, తప్పింది ఒక్క సబ్జెక్టు, అది కూడా హిందీ! ఫీజు కట్టే తేదీ ఎప్పుడో ఎవరూ చెప్పక ఊరుకుంది. మా బీకాం పిల్ల ఆమెను వెంటబెట్టుకుని వచ్చి ఫారం నింపించింది. కొందరికి ఓపెన్ స్కూల్ సంగతి చెప్పింది. మేము వెళ్ళి చెబితే "సార్, తర్వాత చూద్దాం" అనేవాళ్ళు, ఆమె చెబితే "నువ్వు రాయిస్తావా అక్కా?" అని అడిగారట. 

ఇలాంటి డిగ్రీ పిల్లలే పది పాసైన వాళ్ళకు పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) ఫారాలు, ట్రిపుల్ ఐటీ దరఖాస్తులు పెట్టించగలరు. నూజివీడు, ఆర్కే వ్యాలీ, బాసర లాంటి చోట్ల సీటు పదో తరగతి మార్కుల మీదే వస్తుందని, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంటుందని తెలియని తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. ఒక షరతు మాత్రం పెట్టుకోండి: సర్వే కాగితాల నకలు బడికి ఇచ్చి వెళ్ళాలి. లేకపోతే మన ఊరి వివరాలన్నీ కాలేజీ బీరువాలో చేరతాయి.

ఊరి దత్తత

కాలేజీలు ఊళ్ళను దత్తత తీసుకునే కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్ 2014లో మొదలైంది, ఢిల్లీ ఐఐటీ సమన్వయం చేస్తుంది. చేరిన ప్రతి కాలేజీ కనీసం ఐదు ఊళ్ళను తీసుకోవాలి. ఇది పంచాయతీకి చెందిన పని, బడి ఇందులో ఒక మూల మాత్రమే. మా ఊరికి వచ్చిన కాలేజీ ఒకసారి సర్వే చేసి, బోర్డు పెట్టి వెళ్ళింది. వాళ్ళకు పనిలేదని కాదు, మేము పని చెప్పలేదు. కనిగిరి వైపో మర్రిగూడ వైపో ఫ్లోరైడ్ నీళ్ళున్న ఊరైతే, ఊళ్ళోని ప్రతి బోరు నీళ్ళూ పిల్లల చేత సీసాల్లో పట్టించి, కాలేజీ ల్యాబులో పరీక్ష చేయించి, ఏ బోరు నీళ్ళు తాగకూడదో ఊరి మ్యాపు మీద ఎర్రచుక్కలు పెట్టించండి. కెమిస్ట్రీ పాఠమూ అవుతుంది, ఊరికి మేలూ జరుగుతుంది. దత్తత అన్నవాళ్ళను ఇలా ఒక్క పని పేరు పెట్టి అడగండి.

2015 జూలైలో అబ్దుల్ కలాం గారు ప్రారంభించిన రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్ కింద కూడా పెద్ద సంస్థలు బడులకు అండగా నిలవాలన్న ఆలోచన ఉంది. మాకు దక్కినంత వరకు అది ఒక రోజు యూనివర్సిటీ సందర్శన. ఒక రోజే అయినా నేను కాదనను. ఆడపిల్లల హాస్టల్ గదిలోకి వెళ్ళి చూసి, "ఇక్కడ మనలాంటి వాళ్ళు కూడా ఉంటారా సార్?" అని మా తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది. ఉంటారని ఆ గదిలోని అమ్మాయే చెప్పింది, ఆమెది మా పక్క మండలమే.

మరి మీ బడికి ఏది?

ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల అయితే డైట్ ట్రైనీలు ఒకరో ఇద్దరో, అంతకు మించి ఎవరినీ పిలవకండి. వచ్చినవాళ్ళను చూసుకోవడానికే మీకు సమయం చాలదు. 

స్టాఫ్ ఓ మోస్తరుగా ఉన్న హైస్కూలు అయితే బీఈడీ ట్రైనీలు, వాళ్ళతో పాటు నెలకోసారి వచ్చే లెక్చరర్ ఒకరు. రెంటిలో ఒకటే కుదురుతుందంటే నేను లెక్చరర్ వైపే మొగ్గుతాను. ట్రైనీలు ఏటా మారతారు, ఆయన మారరు.

చదువు ఆపేసిన కుర్రాళ్ళు ఎక్కువున్న ఊరైతే ముందు డిగ్రీ పిల్లల ప్రాజెక్టు, శనివారాల ఎన్‌ఎస్‌ఎస్. ఎక్కడో దూరపు యూనివర్సిటీ కంటే మీ ఊరి నుంచే కాలేజీకి బస్సెక్కే పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి.

ఏజెన్సీ ఊళ్ళ సంగతి వేరు. సాయంత్రం బస్సు ఉండదు కాబట్టి ట్రైనీలు రోజూ వచ్చిపోలేరు. ఉండటానికి చోటు చూపించగలిగితేనే ఒప్పుకోండి. ఇంకా ముఖ్యమైంది భాష. ఇంట్లో కోయో సవరో గోండో మాట్లాడే ఒకటో తరగతి పిల్లకు, ఎంత పెద్ద ప్రొఫెసర్ వచ్చి తెలుగులో చెప్పినా సగమే అందుతుంది. అదే భాష మాట్లాడే డిగ్రీ కుర్రాడు ఒక్కడు దొరికితే, వాణ్ణి వదులుకోకండి.

ఎవరిని ఎంచుకున్నా ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. డీఈఓ లేదా ఎంఈఓ అనుమతి ఉండాలి. వచ్చే తేదీలు, పోయే తేదీలు, సమ్మెటివ్ పరీక్షల వారంలో క్లాసులు ఇవ్వమన్న మాట అందులో ఉండాలి. మన టీచరు గదిలో లేకుండా బయటివాళ్ళు ఎవరూ పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, ఇందులో పరిచయాలు, మొహమాటాలు చూడొద్దు. పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల ఒప్పుకోలు లేకుండా ఎక్కడా పెట్టకూడదు. ఆటో ఛార్జీలు, భోజనాలు ఎవరివో కూడా రాసుకోండి, చాలా స్నేహాలు అక్కడే చెడతాయి.

ఈ జూలైలో బీఈడీ కాలేజీకి నేను రాసిన జవాబు ఇది: "మాకు లెక్కలు ఇద్దరు, తెలుగు ఒకరు, సోషల్ ఒకరు చాలు. మా టీచర్లు వెనక బెంచీలో కూర్చుంటారు. మీ సూపర్‌వైజర్ నెలకు రెండుసార్లు రావాలి. వచ్చేటప్పుడు, పోయిన ఏడాది మీ ట్రైనీలు చేసిన పద్ధతుల్లో ఏవి ఇంకా నడుస్తున్నాయో మా తరగతుల్లోకి వచ్చి చూడాలి." వారం తర్వాత వాళ్ళ ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. మొదటి విజిట్‌కు తానే వస్తానన్నారు.